అక్క గడ్డం మీది మూడు చుక్కలు

మా అక్క మనవరాలు దివ్య ముంజేతి మీద పిచుక పచ్చబొట్టు పొడిపించుకుని ఏడాది దాటింది. చిన్న పిచుక. మణికట్టుకు కాస్త పైన, ఎగరబోతూ ఆగినట్టు ఉంటుంది. దివ్య బంగారు గనుల ఊరు కేజీఎఫ్ నుంచి బెంగళూరు ఆఫీసుకు రోజూ రైల్లో పోయి రైల్లో వచ్చే పిల్ల. ఒక ఆదివారం రాబర్ట్‌సన్‌పేటలో కొత్తగా పెట్టిన అద్దాల తలుపుల అంగడికి స్నేహితురాలితో పోయి పొడిపించుకుని వచ్చింది. ఎందుకమ్మా అని అప్పట్లోనే అడిగాను. "బాగుండాది కదా చిన్నవ్వా" అంది. ఇంకే కారణమూ చెప్పలేదు, నాకా జవాబు నచ్చింది. ఇప్పుడు ఆ పిచుక మీద ఇంట్లో పంచాయితీ నడుస్తోంది. కోలారు పక్కన తమకలో ఉండే సంబంధం వాళ్ళకు పిల్ల నచ్చింది, చదువు నచ్చింది, ఉద్యోగం నచ్చింది. ఆ ఒక్కటి మాత్రం పెళ్ళిలోగా తీయించేయండి అని కబురు చేశారు. ఆ సంగతి మాట్లాడడానికి అబ్బాయి తల్లి వస్తోందనీ, నేనూ ఉండాలనీ అక్క కోడలు సుజాత ఫోన్ చేసింది. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. ఈ వయసులో ఒంటికి వచ్చే అలసట నాకు అలవాటే. చూసిన తగవునే మళ్ళీ చూడవలసి వచ్చినప్పుడు కలిగే అలసట వేరే ఉంది, అది అంత తొందరగా పోదు. మెల్లగా లేచి మర్నాటి ప్రయాణానికి ఒక నూలుచీర తీసి పెట్టుకున్నాను.

నేనుండే కోలారులో బస్సెక్కితే బంగారుపేట దాటిన కాసేపటికి సైనైడ్ దిబ్బలు కనిపిస్తాయి. గనులు నడిచిన కాలంలో రాయిని పిండి చేసి, మందునీళ్ళలో నానబెట్టి, అందులోని బంగారం లాగేసుకున్నాక మిగిలిన బూడిదరంగు ఇసకను తెచ్చి పోసిన గుట్టలవి. గనులు మూతబడ్డాయి, దొరలు పోయారు, దొరల తర్వాత వచ్చిన ఆఫీసర్లూ పోయారు, గుట్టలు మాత్రం అక్కడే ఉన్నాయి. ఇప్పుడు కుర్రవాళ్ళు వాటి మీదికెక్కి ఫోటోలు తీసుకుంటారు. గాలి రేగితే ఆ దుమ్ము బస్సులోకి వస్తుంది, కండక్టరు కిటికీలు మూయమని అరుస్తాడు. నేను ఆ దారిలో పోయినప్పుడల్లా దిబ్బలు కనిపించని వైపు సీటు వెతుక్కుని కూర్చుంటాను. ఎందుకో చెప్పాలంటే మా ఊరి సంగతి, మా అవ్వ సంగతి ముందు చెప్పాలి.

మాది బేతమంగళ పక్కన పల్లె. రాగులు, నాలుగు మామిడి చెట్లు, రెండు ఆవులు, పట్టుపురుగులు. ఇంట్లో నడిమి గది పురుగులదే. మనుషులు వసారాలో పడుకున్నా సరే, పురుగులకు గది కావాలి. ఆకు తిన్నంత తిని అవి వేసిన రెట్ట, వాడిన మల్బరీ ఆకు, తట్టలకు అలికిన పేడ, అన్నీ కలిసి ఒక పచ్చివాసన మా బట్టలకు, జుట్టుకు, చివరికి సంగటికి కూడా పట్టి ఉండేది. పురుగులు గూడు కట్టే వారంలో, వాసన తగిలితే చస్తాయని, అమ్మ ఇంట్లో తిరగమోత వేయనిచ్చేది కాదు. పౌడరు రాసుకున్న మనిషిని గడప దాటనిచ్చేది కాదు. బడికి పోతే పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. అప్పుడు చిన్నతనంగా ఉండేది. ఈ మధ్య శ్రీనివాసపురం దగ్గర ఎవరింటికో పోతే గుమ్మంలోనే ఆ వాసన తగిలింది. పెరట్లో ఆకు కోస్తున్న అమ్మ ఎదురొస్తుందేమో అనిపించి, పలకరింపు మరిచిపోయి అక్కడే నిలబడ్డాను.

అవ్వ అంటే మా నాయన తల్లి. తెల్లారకముందే లేచి తిన్నె మీద కూర్చుని, ఆకూ వక్కా నమిలి, నోరు పుక్కిలించి, నీళ్ళు తెమ్మని కేక పెట్టేది. ఆ చెంబు ఎవరు తెస్తారన్నది ఆమెకు చాలా పెద్ద విషయం. అమ్మ తేవచ్చు. కూలికి వచ్చే ఆడవాళ్ళలో కొందరు తేవచ్చు. అక్క తెస్తే మాత్రం తీసుకునేది కాదు. "పచ్చ లేని చెయ్యి బోడి చెయ్యి. ఆ చేతి నీళ్ళు నా గొంతులో దిగవు" అనేది. అవ్వకు రెండు చేతులూ మోచేతుల దాకా పచ్చబొట్లే. ముగ్గులు, తేలు, తులసికోట, పేరు తెలియని తీగలు. ముడతల్లో పడి తేలేదో తీగేదో చివరికి ఆమెకే తెలిసేది కాదు. మా ఊరి పెద్ద ఆడవాళ్ళందరి లెక్కా ఇదే. పచ్చ పొడిపించుకోని కోడలిని దేవుడి దగ్గరి అన్నం ముట్టనిచ్చేవాళ్ళు కారు. "పోయేటప్పుడు తాళి తీస్తారు, గాజులు తీస్తారు, ముక్కుపుల్ల కూడా లాక్కొంటారు. పచ్చను ఎవడు తీస్తాడే? అదొక్కటే మనతో వస్తాది" అని అవ్వ ఎన్నిసార్లు చెప్పిందో. అక్క ఆ మాటలు వింటూ తన ఒట్టి చేతులు ఒళ్ళో దాచుకునేది. ఏ తప్పూ చేయకుండానే ఆ వయసు పిల్ల తప్పు చేసిన మొహం పెట్టుకుని తిరిగేది.

రాగుల కోత అయ్యాక పచ్చలు పొడిచే ఆమె మా వైపు వచ్చేది. ఆ ఏడు అవ్వ ఆమెను వీధి మొదట్లోనే పట్టుకుని ఇంటికి పిలుచుకొచ్చింది. అక్కను ఎవరూ అడగలేదు. పసుపు రాసి పీట మీద కూర్చోబెట్టారు, అంతే. ఆముదం దీపానికి మూకుడు బోర్లించి మసి పట్టారు. గుంటగలగరాకు నూరి పసరు పిండారు. దారంతో కట్టిన సూదుల కట్టను ఆ పసరు మసిలో ముంచి ఆమె అక్క చెయ్యి పట్టుకుంది. మొదటి పోటుకే అక్క ఇల్లెగిరేటట్టు అరిచింది. ఇద్దరు ఆడవాళ్ళు భుజాలు పట్టుకున్నారు. పొడిచే ఆమె పాట ఎత్తుకుంది. పుట్టింటి నుంచి అత్తింటికి పోయే పిల్ల మీద పాట, మధ్య మధ్యలో మా అక్క పేరు కలిపి పాడింది. పాట విని విని అక్క ఏడుపు మరిచిపోయింది. చేతుల మీద ముగ్గు అయ్యాక అవ్వ, "గడ్డం మీద మూడు చుక్కలు పెట్టమ్మా, లక్షణంగా ఉంటాది" అంది. అలా గడ్డం మీద మూడు చుక్కలు పడ్డాయి. ఆ రోజు నాకు జ్వరం, చాప మీద పడుకునే చూశాను. నాకు వచ్చే ఏడు పొడిపిద్దామన్నారు. వచ్చే ఏడు ఆమె మా వైపు రాలేదు, ఆ పైయేటికి అవ్వ పోయింది. నా ఒళ్ళు ఖాళీగా మిగిలిపోవడానికి కారణం ఆ జ్వరమే.

వాపు తగ్గాక అక్క చెంబు తీసుకుని తిన్నె దగ్గరికి పోయిన పొద్దు నాకు బాగా గుర్తుంది. అవ్వ చెంబు అందుకుని గటగటా తాగి, మూతి తుడుచుకుని, "తియ్యగా ఉండాయి" అంది. వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అక్క గడ్డం పట్టుకుని ఎత్తి చూసిపోయారు. చాలా రోజులు అక్క అద్దం వదల్లేదు. మా అక్క తన మొహాన్ని తనే ముచ్చటపడి చూసుకున్న రోజులు ఆమె జీవితంలో అవే. తర్వాత నేనెప్పుడూ అలా చూడలేదు.

మా పల్లె పక్కనున్న జలాశయం నీళ్ళే గొట్టాల్లో బంగారు గనులకు పోయేవి. గనులవాళ్ళు మా నీళ్ళు తాగేవాళ్ళు, మా చేతులు చూసి నవ్వేవాళ్ళు. మా మేనమామ చాంపియన్ రీఫ్స్‌లో గని మిల్లులో పని చేసేవాడు, గనివాళ్ళు కూలీలకు కట్టిచ్చిన లైనులో ఇల్లు. సెలవులకు అక్కడికి పోతే లైను పిల్లలు అక్కను చూసి అరవంలోనూ తెలుగులోనూ కలిపి ఆట పట్టించేవాళ్ళు. "గడ్డం మింద చీమలు, ఊదక్కా ఊదు" అని వెంటబడేవాళ్ళు. నగల అంగడికి పోతే అక్క గడ్డం చూడగానే అంగడాయన బంగారం తట్ట పక్కకు జరిపి వెండి మట్టెలు ముందు పెట్టాడు, మేము అడిగింది కమ్మలు. ఒకసారి అమ్మకు మందు రాయించడానికి ఆసుపత్రికి పోతే నర్సమ్మ అక్కను చూసి ఏమీ అడక్కుండా వేలిముద్ర ఇంకుడబ్బా ఆమె ముందుకు తోసింది. అక్క కన్నడ బడిలో ఏడో తరగతి చదివింది, నా చేతిరాత కంటే ఆమెది వందపాళ్ళు మేలు. ఆమె మాట్లాడకుండా డబ్బాలో వేలు ముంచింది. సంతకం వస్తుందని చెప్పొచ్చు కదా అక్కా అని దారిలో అడిగితే, "ఆయమ్మ అప్పుడే అనుకొనేసింది కదా" అంది. ఊళ్ళో నెత్తిన పెట్టుకున్న మొహమే, కొన్ని మైళ్ళ దూరం బస్సులో పోతే మరొకటైపోయింది. అది తన తప్పు కాదని ఆ వయసులో ఆమెకు చెప్పేవాళ్ళు లేరు.

అక్కకు సంబంధం కూడా గనుల్లోంచే వచ్చింది. అబ్బాయి గని ఆఫీసులో గుమాస్తా, తెల్లచొక్కా ఉద్యోగం. మామ తెచ్చిన సంబంధమని అమ్మ కాళ్ళు భూమ్మీద ఆనలేదు. పురుగుల గది వాసన రాకుండా ఇల్లంతా సాంబ్రాణి వేసింది. అబ్బాయి తల్లి వచ్చింది, ఉప్మా తింది, కాఫీ తాగింది, అక్క చేత కన్నడ పేపరు చదివించుకుంది. అన్నీ బాగున్నాయంది. లేచేముందు అమ్మను పక్కకు పిలిచింది.

"పిల్ల లక్షణంగా ఉండాదమ్మా. ఆ గడ్డమే... మా పిల్లోడు ఆఫీసర్ల మధ్య పని చేసేవాడు. క్రిస్మస్ వస్తే బంగళాకు కుటుంబంతో పిలుస్తారు. చేతులకైతే నిండు రవికె కుట్టించి కప్పెయ్యచ్చు. మొగాన్ని యాడ దాచేది?"

అమ్మ ఏం ఆలోచించిందో ఏమో, "అదెంతమ్మా, తీయించేస్తాము" అనేసింది. ఎలా తీస్తారో ఆమెకూ తెలియదు. అవ్వ అప్పటికి లేదు, ఉంటే ఆ మాట గడప లోపల పుట్టి ఉండేది కాదు. ఆ మర్నాటి నుంచి అమ్మ ఊళ్ళో ఒక్కొక్కరిని అడగడం మొదలుపెట్టింది. ఒకరు జిల్లేడు పాలన్నారు, ఒకరు జీడిగింజ రసమన్నారు. మామ వచ్చినప్పుడు ఆయన్నీ అడిగింది. మామ నవ్వులాట మనిషి. "మా మిల్లులో రాతిలోంచి బంగారాన్నే ఊడదీస్తారక్కా, తోలులోంచి పచ్చ ఎంత?" అన్నాడు. ఆయన నవ్వుతూ అని, భోంచేసి, బస్సెక్కి పోయాడు. అమ్మ మాత్రం దాన్నే పట్టుకుంది. ఆలోచిస్తే ఆమెకది సబబుగానే తోచి ఉంటుంది. అంత గట్టి రాయిని కరిగించి, దాని కడుపులో దాక్కున్న బంగారాన్ని వదిలించిన ఇసక, పిల్ల గడ్డం మీది మూడు చుక్కలు వదిలించలేదా? గనుల పక్కన పుట్టి పెరిగినవాళ్ళకు తప్ప ఇలాంటి తెలివి ఇంకెవరికీ రాదు. మామ ఇంటికి పోయి వచ్చేటప్పుడు ఆ దిబ్బ ఇసక చీర చెరుగున మూటగట్టుకుని తెచ్చింది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని, ఒలక్కుండా రెండు చేతులతో పట్టుకుని తెచ్చింది.

మిట్టమధ్యాహ్నం పెరట్లో అక్కను కూర్చోబెట్టింది. ఇసకలో తడిసున్నం కలిపింది. కొబ్బరిపీచుతో గడ్డం రుద్దడం మొదలుపెట్టింది. అక్క పళ్ళు బిగబట్టింది. చర్మం ఎర్రబడింది, తర్వాత చెమ్మగిల్లింది. "పోతా ఉండాదే, మసకబారింది చూడు, ఇంగ కొంచెం, ఇంగ కొంచెం" అంటూ అమ్మ రుద్దింది. నెత్తురొచ్చాక కూడా "ఇంగ కొంచెం" అంది. నేను నీళ్ళ చెంబు పట్టుకుని పక్కన ఉన్నాను. అమ్మ ఏడుస్తూనే ఉంది, చెయ్యి మాత్రం ఆపలేదు. అక్క నోట్లోంచి వచ్చిన చప్పుడు అరుపు కాదు, మూలుగు కాదు, దానికి నాకు ఇవాళ్టికీ పేరు దొరకలేదు. ఆ రోజు పెరట్లో పాట పాడినవాళ్ళెవరూ లేరు.

రెండు రోజుల్లో గడ్డం ఉబ్బి, మెడదాకా వాచి, చీము పట్టింది. మామ వచ్చి చూసి నెత్తి బాదుకుని గనుల ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు ఇంగ్లీషులో ఏదో తిట్టాడు. అమ్మకు అర్థం కాలేదు, అర్థమైనట్టు తల ఊపుతూ నిలబడింది. అక్క చాలా రోజులు గంజి మీదే ఉంది. మానాక చూస్తే గడ్డం మీద నున్నగా, తెల్లగా, ఒక పక్కకు లాగినట్టు పెద్ద మచ్చ. ఆ మచ్చ అంచున నీలంగా రెండు చుక్కలు అలాగే ఉన్నాయి. మూడోది సగం ఉంది. గుమాస్తా తల్లి కబురు విని మామతో, "పచ్చ అయితే ఎట్లనో సర్దుకొందుము. మొగం మింద ఇంత గాయమైన పిల్లను ఎట్ల చేసుకొనేదప్పా?" అందట. ఆ తర్వాత మా అమ్మ బతికినన్నాళ్ళూ అద్దంలో తన మొహం చూసుకుని బొట్టు పెట్టుకోలేదు, వేలితో అంచనాగా పెట్టుకునేది. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను. కోపం సగం దారిలోనే అలిసిపోయేది.

చివరికి అక్కను గని లోపల పని చేసే మనిషికి ఇచ్చారు. మంచివాడు. గడ్డం సంగతి ఒక్కసారైనా అడగలేదట. అడగలేదని అక్క ఆయనకు జీవితాంతం రుణపడినట్టు ఉండేది, ఆయన పోయాక కూడా ఆ మాటే చెప్పుకునేది. ఆయన మంచితనం నాకూ తెలుసు. ఒక ఆడమనిషి మొహం గురించి ఊరుకోవడమే అంత పెద్ద ఉపకారం అయిపోవడం మాత్రం నాకు మింగుడుపడదు. పరాయివాళ్ళు ఎదురైతే అక్క చెరుగు పైకి లాగి గడ్డం కప్పుకునే మాట్లాడేది. ఫోటో అంటే తల వంచుకునేది. కొడుక్కీ మనవరాలికీ చిన్నప్పుడు పొయ్యి మీద పడ్డానని చెప్పింది. కరోనా వచ్చి లోకమంతా మూతికి గుడ్డ కట్టుకుని బిక్కుబిక్కుమన్న రోజుల్లో మా అక్క ఒక్కతే హాయిగా తిరిగింది. ఆ మాస్కు పెట్టుకుని సంచి పట్టుకుని రోజూ మార్కెట్టుకు పోయేది. ఇంట్లో ఉండు అక్కా అని ఫోన్‌లో కేకలేస్తే, "నన్ను ఎవురూ చూడటం లేదు పాపా, ఎంత బాగుండాదో" అని నవ్వింది. నవ్వాలో ఏడవాలో తెలియక ఫోన్ పెట్టేశాను.

అక్క ఇంటికే నేను ఆ ఆదివారం పోయింది. పెళ్ళై వచ్చిన నాటి లైను ఇల్లే, ముందు ఒక గది పెంచుకున్నారు. అబ్బాయి తల్లి నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉంది. మర్యాదస్థురాలు, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఆమెను తిట్టుకోవడానికి నాకు ఏమీ దొరకలేదు. అక్క కొడుకు పనికి పోయాడు, సుజాతే పెళ్ళివారికి ఇచ్చే గ్లాసుల్లో కాఫీ ఇచ్చింది. దివ్య ఒక మూల స్టూలు మీద, పిచుక ఉన్న ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అక్క లోపలి గదిలో మంచం మీద ఉంది, ఎవరైనా వస్తే ఆమె చోటు అదే.

"మాకైతే ఏమీ లేదమ్మా. మా పిల్లోడికి అసలే పట్టింపు లేదు" అంది అబ్బాయి తల్లి. "మా బంధువుల్లోనే నలుగురూ నాలుగు మాటలంటారు. ఇది పొడిపించుకొన్న పిల్ల అంటే ఎట్లాటిదో ఏమో అనుకొంటారు. ఇప్పుడు లేజర్ ఉండాది, నొప్పే లేదంట. బెంగళూరులో మాకు తెలిసిన క్లినిక్కు." ఫోన్ తీసి తీయక ముందు చేతుల ఫోటోలు, తీసిన తర్వాత చేతుల ఫోటోలు చూపించింది. సుజాత అన్నిటికీ తల ఊపింది.

అబ్బాయి ఫోటో మాకు ముందే పంపారు. పొట్టిచేతుల బనీనులో, భుజం నుంచి మోచేతి దాకా నోరు తెరిచిన సింహం. ఉండబట్టలేక అడిగాను. "మరి అబ్బాయి సింహం ఎప్పుడు తీయిస్తారమ్మా?"

ఆమె నిజంగానే నవ్వింది. "మగపిల్లోడు కదమ్మా" అంది. ఆ తర్వాత నా మనసు కష్టపెట్టానేమోనని కాబోలు, "మా అత్తకు కూడా చేతులనిండా పచ్చే ఉండె. అది దేవుడి పచ్చ, పెద్దోళ్ళ పద్ధతి. ఇది ఫ్యాషన్" అని నచ్చజెప్పింది.

పద్ధతిగా పొడిపించుకున్న మనిషి గోడకు అవతల మంచం మీద కూర్చుని ఇదంతా వింటోంది. ఆ పద్ధతి ఆమెకేం మిగిల్చిందో చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పే ఓపిక లేకపోయింది. పల్లెలో పచ్చ లేకపోతే నీళ్ళు తాగలేదు. పట్నంలో పచ్చ ఉందని పిల్లను వద్దన్నారు. ఇప్పుడు అప్పటి పచ్చ దేవుడిదైంది, ఇప్పటి పిచుక చెడ్డదైంది. ఇన్నేళ్ళలో మాటలు మారాయి, సూది మారింది, ఇసకకు బదులు వెలుగు వచ్చింది. ఆడపిల్ల ఒంటి మీద ఏముండాలో చెప్పే హక్కు తమకుందనుకోవడం మాత్రం అందరికీ అలాగే ఉంది. నా బ్రతుకంతా బడిలో పిల్లలకు కాలం మారుతుందని చెప్పినదాన్ని. ఆ మధ్యాహ్నం నాకు ఆ మాట మీద పెద్ద నమ్మకం కలగలేదు.

దివ్య ఒకే ఒక్క మాట అంది, "ఆలోచించుకొని ఫోన్ చేస్తానమ్మా" అని. అబ్బాయి తల్లి దానికీ నొచ్చుకోలేదు. దివ్య బుగ్గ నిమిరి, తాంబూలం తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె పోగానే సుజాత, "ఆలోచించేది ఏముండాదే? అర్ధగంట పని. మంచి సంబంధం చెయ్యిజారిపోతాది" అని వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడు చేసింది. సుజాతదీ తప్పు కాదు. కూతురు ఒక ఇంట్లో స్థిరపడితే తనకు నిద్ర పడుతుందని ఆమె ఆశ. దివ్య లేచి లోపలి గదిలోకి పోయి అక్క కాళ్ళ దగ్గర కూర్చుంది. నేనూ వెనకాలే పోయాను.

"అవ్వా, నువ్వు చెప్పు. తీయించేసేదా?" అని అడిగింది.

 "నేను పొయ్యి మింద పడలేదు దివ్యా" అంది అక్క. మా ఇద్దరి మధ్య కూడా ఎన్నడూ రాని ఆ సంగతి, పెరడూ, ఇసకా, సున్నమూ, మొదటి నుంచి చివరిదాకా ఆ పిల్లకు చెప్పింది. ఎవరినీ తిట్టలేదు. మా అమ్మ గురించి చెప్పేటప్పుడు, "పాపం, దానికేం తెలుసు" అంది. దివ్య బిత్తరపోయి వింటోంది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అంతా అయ్యాక దివ్య మళ్ళీ అడిగింది. "అయితే తీయొద్దంటావా అవ్వా?"

"నన్నడిగితే తీసేయమనే అంటాను" అంది అక్క. నేను ఉలిక్కిపడ్డాను. "నాకు భయం. ఒకరు వేలు చూపిస్తే నేను తట్టుకోలేను. నా బతుకంతా అట్లే గడిసిపోయింది. ఆ భయం నాది తల్లీ, నీది కాదు. అందుకే నన్ను అడగొద్దు. మీ అమ్మను అడగొద్దు, మీ చిన్నవ్వను కూడా అడగొద్దు. పొడిచేటప్పుడు నన్నెవరూ అడగలే, రుద్దేటప్పుడూ అడగలే. నువ్వు పిచుకను పొడిపించుకొనేటప్పుడు ఎవరినన్నా అడిగినావా?"

"లేదవ్వా."

"ఇప్పుడు యాల అడుగుతావు?"

 దివ్య లేచి బయటి గదిలోకి పోయి అబ్బాయి తల్లికి ఫోన్ చేసింది. తలుపు తెరిచే ఉంది, మాకు అన్నీ వినిపించాయి. "అమ్మా, నేను దివ్యను. నేను తీయించుకోనమ్మా. ఇట్లే ఒప్పుకొంటే సంతోషం. వద్దనుకొంటే నాకు కోపం లేదు, మీరు కూడా కోపం పెట్టుకోవద్దు" అంది.  అటు నుంచి ఏదో అన్నారు. "సరేనమ్మా" అని పెట్టేసింది. ఇంట్లో మాట్లాడుకుని చెప్తామన్నారట. సుజాత వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కళ్ళు ఒత్తుకుని, అన్నం పెడతాను రండి అంది.

ఇది జరిగి నెల దాటింది. నేను కోలారు వచ్చేశాను. మోకాళ్ళ నొప్పి, మందులు, పొద్దున పేపరు, ఎప్పటిలాగే నడుస్తున్నాయి. దివ్య గెలిచిందని రాయాలని ఉంది కానీ రాయలేను. సంబంధం పోతే రేపు ఇంకొకరు వస్తారు, వాళ్ళూ కాఫీ తాగి, మర్యాదగా, ఆ చెయ్యే చూస్తారు. ఆ పిల్ల ఎన్నిసార్లు ఆ స్టూలు మీద కూర్చోవాలో తలుచుకుంటే నాకే నీరసం వస్తుంది. వారానికొకసారి అక్క ఫోన్ చేస్తుంది. నిన్న కూడా చేసింది.

"వాళ్ళు ఇంగా ఏమీ చెప్పలేదు పాపా" అంది.

"ఇంగ చెప్పరులే అక్కా. బాధగా ఉండాదా?"

"ఉండదా? మంచి సంబంధం. సుజాత సరిగా తినేది లేదు, పండుకొనేది లేదు. నాకూ నిద్ర రాలేదు."  మళ్ళీ తనే, "అయినా పొద్దున పిల్ల రైలుకు పోతా ఉంటే చెయ్యి పట్టుకొని చూసినాను. యాడా గాయం లేదు" అంది.